'పౌరస్థితి' శబ్దవిచారము

నరసాపురము చేరిన బౌడెను, బీరు అను సువార్తికుల బోధ క్రమముగా వసిష్ఠను దాటి కోనసీమకు వ్యాపించెను. వారి సహోదర సంఘ సంప్రదాయమున, విశ్వాసి పరలోక పౌరుడు గావున రాజకీయము లతనికి దగవను వాదము కలదు. దీనికి ఫిలిప్పీ పత్రికయందలి (3:20) 'పౌరస్థితి' శబ్దము ఆధారము.

ఫిలిప్పి రోమనుల వలసపట్టణము. అచ్చటి పౌరులు దూరస్థమగు రోమాకు జెందియు స్వపుర వ్యవహారములను నడుపుకొనిరి. కావున నీ పదము భక్తికి బ్రథమస్థాన మెయ్యదియో తెలుపునే గాని, యిహమందలి హక్కులను గొట్టివేయదు. కొరడాలతో గొట్టబోవగా పౌలే తన రోమా పౌరత్వమును జెప్పికొనెను (అపొ. కార్య. 22:25).

ఇది పాండిత్యవినోదము గాదు. అమలాపురము లోక్‌సభ స్థానము షెడ్యూల్డు కులములకు బ్రత్యేకింపబడినది; 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువును బట్టి క్రైస్తవు డా కులములలో నెన్నబడడు. స్వమతము నొప్పుకొన్నవాడు అచ్చట నిలువజాలడు. దీనిపై న్యాయ మడుగుట విశ్వాసలోపము గాదనుటకు పౌలు నడవడియే ప్రమాణము.