గాభరా మాత్ర కొద్ది వారాలకే

శ్రీకాకుళం: గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పు, తెల్లవార్లూ నిద్ర లేకపోవడం. అప్పుల్లో ఉన్న రైతుకు, కొడుకు వలస పోయిన తల్లికి ఈ బాధలు తెలియనివి కావు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. ఆ హోరు విన్నవారికి తర్వాత గాలి వీచినా గుండె జారడంలో వింత లేదు. అయితే ఆ భయం వారాల తరబడి వదలక, పనికి అడ్డొస్తే అది జబ్బే. దానికి వైద్యం ఉంది.

ముందు పరీక్ష అవసరం. గుండెజబ్బు, థైరాయిడ్, రక్తహీనతల వల్ల కూడా దడ వస్తుంది. అవేవీ కావని తేలాక కొందరికి వైద్యులు డయజెపాం, అల్ప్రజోలం, లొరజెపాం, క్లోనజెపాం వంటి మాత్రలు రాస్తారు. ఇవన్నీ బెంజోడయజెపైన్ల జాతివి. వీటిలో మొదటిది 1960లో, డయజెపాం 1963లో అమ్మకానికి వచ్చాయి. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి ఇవి బలమిస్తాయి. అందుకే గాభరా త్వరగా తగ్గుతుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే ఒంటికి అలవాటవుతాయి. నిన్న ఒక మాత్రకు పట్టిన నిద్ర రేపు రెండు అడుగుతుంది. కాబట్టి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించకుండా, తక్కువ మోతాదులో వాడాలి. ఆందోళనను అసలుగా తగ్గించే ఇతర మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు ఈ మాత్ర ఊతకర్ర మాత్రమే. వైద్యునితో మాట్లాడి మనసులోని బరువు దించుకోవడమూ చికిత్సలో భాగమే.

అలవాటు పడినవారు ఒక్కసారిగా మానడం మరీ ప్రమాదం. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో కొందరు కల్తీ కల్లులో అల్ప్రజోలం కలిపి అమ్ముతూ వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే ఆ కల్లుకు అలవాటైన వారు వణుకుతో, పిచ్చి మాటలతో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు చేరారు. నెలల తరబడి మాత్ర వాడుతున్న వారు దాన్ని పారేయకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి. మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

మాత్ర వాడే రోజుల్లో సారా, కల్లు ముట్టరాదు. రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. ట్రమడాల్ వంటి నొప్పి మందులు, కోడీన్ ఉన్న దగ్గు మందులతోనూ అదే ముప్పు. మత్తు వదలకుండా మోటారు సైకిల్, ట్రాక్టరు నడపరాదు. వేటకు పడవ ఎక్కరాదు. ముసలివారు రాత్రి లేచి తూలిపడితే తుంటి ఎముక విరగవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఉబ్బసం, కాలేయం, కిడ్నీ జబ్బులున్నవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి.

అల్ప్రజోలం, డయజెపాం 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్నవారి పేరు, మందు పరిమాణం దుకాణదారు పుస్తకంలో రాసి మూడేళ్లు ఉంచాలి. అయినా పాత చీటీ చూపి కొనడం, పక్కింటి వారికి పనిచేసిందని వాడటం ఊళ్లలో ఉంది. ఒకరి మోతాదు మరొకరికి సరిపడదు.

చీటీ రాసినప్పుడు వైద్యుణ్ణి మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని రోజులు వాడాలి? ఎలా మానాలి? మళ్లీ ఎప్పుడు రావాలి? శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో గానీ చూపించుకోవచ్చు. అంత దూరం వెళ్లలేనివారు 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.