నాలుగు సోలల ఇంజను

పాత అంబాసిడర్ కొంటానని తిరుగుతున్నావట, మీ నాన్న చెప్పాడు. ఆర్సీలో 1489 సీసీ అని ఉంది కాబట్టి ఇంజనూ అదేనని నీ ధీమా. ఆ కాగితం బండి పుట్టినప్పటి మాట చెబుతుందిరా. ఆ తర్వాత అది ఎన్ని షెడ్ల గడప తొక్కిందో కాగితానికేం తెలుసు?

మీ నానమ్మ బియ్యం కొలిచే సోల చూశావుగా. దాని మూతి వెడల్పు బోరు అనుకో. లోపల పిస్టను కిందికీ పైకీ తిరిగే దూరం స్ట్రోకు. అలాంటి సోలలు నాలుగు వరసగా నిలబెడితే అంబాసిడర్ ఇంజను. బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. మూతి వైశాల్యాన్ని స్ట్రోకుతో గుణించి, నాలుగుతో హెచ్చవేస్తే 1489 వస్తుంది. అంకెలు వంకరగా ఉన్నాయని జడుసుకోకు, అవి ఇంగ్లండు వాళ్ల అంగుళాలు: స్ట్రోకు సరిగ్గా మూడున్నర.

ఇది అక్కడి బీఎంసీ కంపెనీ బి-సిరీస్ ఇంజను. దీనికి 1622, 1798 సీసీల తోబుట్టువులున్నాయి. ముగ్గురికీ స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లే, తేడా అంతా బోరులో. తొలినాటి అంబాసిడర్లకి మాత్రం 1476 సీసీ ఇంజను ఉండేది. పదమూడు సీసీల తేడాయే కదా అనకు, దాని జాతే వేరు. వాల్వులు సిలిండర్ల పక్కన ఉంటాయి కాబట్టి పైన హెడ్డు చదును, టాపెట్ కవరు ఉండదు. బానెట్ ఎత్తగానే తెలిసిపోతుంది.

ప్లగ్గు రంధ్రంలోంచి సైకిల్ పుల్ల దూర్చి కొలవమని నీకెవరో ఒకరు చెప్పే ఉంటారు. ఈ ఇంజనుకి ప్లగ్గులు పక్కవాటుగా ఉంటాయి, పుల్ల నిలువుగా దిగదు. దిగినా తెలిసేది స్ట్రోకే. అది అన్నదమ్ములందరికీ ఒకటే అయినప్పుడు కొలిచి ఏం లాభం?

హెడ్డు విప్పించాల్సిందే. పిస్టను నెత్తిన మసి తుడిచి చూడు. 020, 030, 040 అని ఏదైనా కొట్టి ఉంటే బోరింగు అయిన ఇంజనన్నమాట. అంగుళంలో వెయ్యో వంతుని షెడ్డులో ‘థౌ’ అంటారు. నలభై థౌ అంటే మిల్లీమీటరు పైచిలుకు, అంతే. కానీ వైశాల్యం లెక్కలో వ్యాసం రెండుసార్లు గుణకారంలోకి వస్తుంది కదా, 1489 కాస్తా 1531 అయి కూర్చుంటుంది.

వెర్నియర్‌తో పైపైన కొలిచి వచ్చేయకు. బావి ఒరని చేంతాడు ఒక పక్కనే అరగదీసినట్టు, సిలిండరు కూడా అన్ని వైపులా సమంగా అరగదు. మంట పిస్టనుని కిందికి తోసేటప్పుడు కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా ఉంటుంది, దాంతో పిస్టను ఒక గోడకి ఒరుసుకుంటుంది. గుండ్రని బోరు పోనుపోను కోలగా మారుతుంది, ఆ అరుగుదల పైభాగంలోనే ఎక్కువ. రింగులు చేరని అడుగు భాగంలో బోర్ గేజితో కొలిస్తే అసలు బోరు తెలుస్తుంది. పైకొలతకీ దీనికీ ఉన్న తేడాని బట్టి నీ ఖర్చెంతో ఊహించుకోవచ్చు.

ఒక్క పిస్టను చూసి నమ్మకు సుమా. నేను కొన్న బండికి మూడు పిస్టన్ల మీద 040, నాలుగోదాని మీద 030. బోరింగు చేసినవాడికి ఆ పూట ఏ పిస్టను దొరికితే అది పడేసినట్టున్నాడు. ఒక సోల చిన్నదన్నమాట. తొమ్మిదేళ్లు నడిపాను. ఆర్సీలో మాత్రం చివరిదాకా 1489.