మామిడి బుట్టలోని రసాయన పాఠము

బాల్యమున బడి విడిచి మేడి పట్టినవారలకు రసాయన శాస్త్రము పట్టణవాసుల విద్యయని తోచును. మేమును అట్లే తలచితిమి. బడి విడిచిన పెద్దలకును చదువబ్బునట్లు ఆంధ్రప్రదేశమున 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయమును, 1991లో సార్వత్రిక పాఠశాలయు నెలకొల్పబడినవి. తల నెరసిన పిమ్మట మేము ఆ పాఠశాల పదవ తరగతి పుస్తకము చేతబట్టితిమి. సంకేతములు తలకెక్కలేదు. మా నూజివీడు చిన్నరసాలను గడ్డిలో మాగవేయునపుడు మాత్రము కొంత బోధపడినది.

పండబారిన కాయ ఎథిలీనను వాయువును విడుచును. అది గడ్డిలో నిలిచి ప్రక్కకాయను పండించును. మన అవ్వలకు దాని పేరు తెలియదు గాని పని తెలియును.

కార్బైడు సంగతి వేరు. ఆ రాతికి తేమ తగిలినచో ఎసిటిలీను వాయువును, తడిసున్నమును పుట్టును. ఎథిలీనునకు వలెనే దీనికిని కర్బన పరమాణువులు రెండు. హైడ్రొజను పరమాణువులు మాత్రము నాలుగింటికి మారు రెండే. ఈ పోలికకు కాయ మోసపోవును. లేతకాయయైనను తోలు పసుపెక్కును, లోని పులుపు పోదు. ఆ రాతియందు ఆర్సెనిక్ అను విషపు లేశములును ఉండవచ్చును. అట్లు మాగిన పండ్ల విక్రయమును 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించినవి.

ఇదేమియు తెలియక, ధర పడిపోవునను భయమున, మేమును ఒక యేట ఆ పొట్లములనే బుట్టలలో నుంచితిమి. ఆ పండ్లు తిన్నవారెవరో యెరుగము.

మొన్న మా మనుమరాలు ఆ చర్యనే సమీకరణముగ వ్రాయుమనినది. నీటి అణువు ఒకటి వేసితిమి. రెండు కావలెనని కొట్టివేసినది.