కొలోన్‌లో బాబాయి ఇంటికి వెళ్తున్నారా?



వేసవి సెలవుల్లో యూరప్‌లో ఉన్న చుట్టాల ఇంటికి పిల్లలను తీసుకెళ్లాలని అనుకునేవారు మీలో చాలామందే ఉంటారు. 'మనవాళ్లున్నారు కదా, అన్నీ వాళ్లే చూసుకుంటారు' అనుకుని బయల్దేరితే ఇబ్బంది పడేది ఎక్కువగా ఆ మనవాళ్లే. జర్మనీలోని కొలోన్ నగరాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

మీ ఖర్చులకు బాబాయే పూచీ అని చూపించాలంటే, ఆయన అక్కడి ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి హామీపత్రంపై సంతకం చేయాలి. అది మామూలు ఆహ్వాన లేఖ కాదు. మీరు అక్కడ ఉన్నన్నాళ్లూ మీ తిండి, వసతి, వైద్యం ఖర్చులు చట్టప్రకారం ఆయన మీద పడొచ్చు. కాబట్టి మీ సొంత ఆదాయం, బ్యాంకు కాగితాలతో అప్లై చేయగలిగితే అదే మర్యాద. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. షెంజెన్ వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. ఏప్రిల్‌లో వెళ్లేవారు స్లాట్ కోసం మార్చి దాకా ఆగొద్దు. బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలంటే స్కూల్ ఆఫీసులో ముందుగానే అడగండి.

ఇక సూట్‌కేసు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి వద్దు. మాంసం, పాల పదార్థాలను యూరప్‌లోకి తీసుకురానివ్వరు. సర్టిఫికెట్ లేకుండా బంగినపల్లి మామిడిపండ్లు కూడా కుదరదు (బాబాయి ఎంత అడిగినా సరే!).

ఆదివారం అక్కడ దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. రాత్రి 10 దాటాక అపార్ట్‌మెంట్‌లో పిల్లల పరుగులు, గోల ఉండకూడదు. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే మాట పడేది బాబాయి. ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసాను సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే 25 సెంట్లు వెనక్కి వస్తాయి. ఆ పని పిల్లలకు అప్పగించండి, లెక్క వాళ్లే రాసుకుంటారు.

చూడాల్సినవి చాలా ఉన్నా, నా సలహా ఒక్కటే: పిల్లలతో వెళ్తే ఒకే కట్టడాన్ని తీరిగ్గా చూడండి. రైల్వే స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా నిలబడే కెథీడ్రల్ అందుకు సరైనది. 1248లో మొదలుపెట్టారు, 1880లో పూర్తయింది. అంటే 632 ఏళ్లు. మధ్యలో పని దాదాపు మూడు వందల ఏళ్లు ఆగిపోయింది. సగం కట్టిన గోపురం మీద పాత చెక్క క్రేన్ మాత్రం 1868 వరకు అలాగే ఉండిపోయింది. తరాల తరబడి ఆ ఊరి పిల్లలు ఆ క్రేన్‌ను చూస్తూనే పెరిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో చుట్టూ నగరం నేలమట్టమైంది. కెథీడ్రల్ మీద కూడా బాంబులు పడ్డాయి, అయినా కూలలేదు. దక్షిణం వైపు పెద్ద కిటికీ అద్దాలు ఆ యుద్ధంలోనే పోయాయి. 2007లో చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ అక్కడ 72 రంగుల్లో పదకొండు వేలకు పైగా చిన్న గాజు చదరాలు అమర్చారు. ఎండ ఉన్నప్పుడు వెళ్తే ఆ రంగులు రాతి నేల మీద పడతాయి.

గోపురం ఎక్కాలంటే 533 మెట్లు, లిఫ్ట్ లేదు. నానమ్మ, తాతయ్య వెంట ఉంటే కింద వాళ్లకు తోడుగా ఒకరు ఉండేలా ముందే అనుకోండి.