కోనసీమ కడలి అంచున ఒక పగటి ప్రయాణం

కోనసీమ పేరు వినగానే కొబ్బరితోటలు, కాలువగట్లు, వరిచేలు మనస్సులో మెదలుతాయి. సముద్రం చాలామందికి స్ఫురించదు. కాని ఈ సీమకు తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ ఎల్లలైనట్లే దక్షిణాన బంగాళాఖాతం ఎల్లగా ఉన్నది. నడుమ వైనతేయ పాయ ఈ సీమను రెండుగా చీల్చుకొని పోయి కడలిలో కలుస్తుంది. గోదావరి వేల యేండ్లుగా తెచ్చిపోసిన ఒండ్రుతో ఏర్పడిన నేల ఇది. అందువల్ల ఇచ్చటి తీరం వెంట ఒక పగలు తీరికగా తిరిగి రావడమంటే కేవలం అందమైన దృశ్యాలను చూచి రావడం కాదు. మంచినీరు ఉప్పునీటిని ఎంతవరకు నెట్టి నిలుపగలిగినదో కన్నులార చూచి రావడం.

మన పెద్దలకు ఈ సంచారం కొత్తది కాదు. పుష్య బహుళ అమావాస్యనాడు కాకినాడ సమీపాన చొల్లంగిలో స్నానంచేసి బయలుదేరి, గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే తావులన్నింటా వరుసగా మునుగుతూ, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరుకొనేవారు. దానినే సప్తసాగరయాత్ర అన్నారు. ఇప్పుడు రోడ్లు, వంతెనలు వచ్చినవి కనుక ఆ యాత్రలోని చివరి భాగాన్ని మనం ఒక్క పగటిలో చూడవచ్చును. మార్గశిరం మొదలు మాఘం వరకు ఇందుకు అనువైన కాలం.

రాజమహేంద్రవరం వైపునుంచి వచ్చేవారు రావులపాలెం, కొత్తపేటల మీదుగా ప్రొద్దున్నే పి.గన్నవరం చేరుకొనవలెను. సముద్రం చూడబోతూ ముందు ఇక్కడ ఆగడానికి కారణమున్నది. ధవళేశ్వరం ఆనకట్టను సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలుపెట్టి 1852లో ముగించారు. కాలువలు త్రవ్వి ఆ నీటిని మధ్య డెల్టాకు మళ్లించారు. అయితే వైనతేయకు ఆవల ఉన్న నగరం ద్వీపానికి నీరు పోవడమెట్లా? నదిమీద కాలువను నడిపించడమే మార్గమైనది. హేగ్ అనే ఇంజనీరు 49 కమానుల మీద ఆ కాలువను నది దాటించాడు. దానినే ఇక్కడివారు అక్విడక్టు అంటారు. క్రింద నది, పైన కాలువ! దాని ప్రక్కనే నిర్మించిన కొత్త అక్విడక్టు 2000లో వాడుకలోనికి వచ్చినది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆమె లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి సైతం అన్నంపెట్టి, 1909లో కీర్తిశేషురాలైన ఇల్లాలు. నీరు పెట్టిన కట్టడానికి అన్నం పెట్టిన తల్లి పేరు తగియే ఉన్నది.

అక్కడినుంచి అంబాజీపేట దగ్గర. కొబ్బరి వ్యాపారానికి ఇది పేరుపడ్డ ఊరు. పనసాకులతో కుట్టిన బుట్టలలో ఇడ్లీ పిండి పోసి ఆవిరిమీద ఉడికించిన పొట్టిక్కలు ఇచ్చటి ఫలహారం. ఆకు వాసన పట్టిన ఆ పొట్టిక్కలను కొబ్బరి పచ్చడితో తిని అమలాపురం మీదుగా దక్షిణానికి సాగవచ్చును.

అమలాపురం దాటి సముద్రం వైపు పోయేకొద్దీ నేల రంగు మారుతుంది. నల్లని ఒండ్రు తగ్గి ఇసుక ఎక్కువవుతుంది. వరిచేలు పలుచబడి సరుగుడు తోటలు కనుపిస్తాయి. దారిలోని బెండమూర్లంకలో పదునెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీవారి వర్తకస్థానం ఉండేది. దాని దిగువన వైనతేయ సముద్రంలో కలిసే చోటు ఓడలరేవు. ఒకప్పటి రేవు సంగతి ఆ పేరే చెప్పుచున్నది. నేడు సముద్రగర్భం నుంచి తీసిన సహజవాయువు గొట్టాల ద్వారా ఈ తీరానికే చేరుతున్నది.

ఇటువంటి ఊళ్లలో ఎవరి పెరటిలోనైనా నూతినీరు అడిగి ఒక గ్రుక్కెడు త్రాగి చూడండి. సముద్రానికి ఇంత చేరువలో కూడ కొన్ని నూతులలో తియ్యని నీరు దొరకడం వింతగా తోస్తుంది. వాననీరు ఇసుకలో ఇంకి, తనకంటె బరువైన ఉప్పునీటిపై తేలి నిలుస్తుంది. ఆ తేట పలుచనిది. లోతుగా బోరు దింపి అదేపనిగా తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకి ఎక్కివస్తుంది. అందుకే తీరగ్రామాలలో లోతు తక్కువ నూతినే పెద్దలు నమ్ముకొన్నారు.

సరుగుడు తోటలు ఇక్కడ ఊరికి కంచెవంటివి. గాలిని విరిచి, ఇసుకను ఆపుతాయి. అయినా 1996 నవంబరు 6 నాటి రాత్రి వచ్చిన తుఫాను ముందు ఏ కంచె నిలువలేదు. కోనసీమను, చుట్టుప్రక్కల తీరాన్ని ముంచిన ఆ గాలివానలో వేయిమందికి పైగా మరణించారు. కొబ్బరిచెట్లు లెక్కకు మిక్కిలిగా కూలిపోయినవి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి యేండ్లు పట్టును గనుక, చెట్టు కూలడమంటే ఆ కుటుంబానికి ఒక పంట కాదు, అనేక సంవత్సరాల బ్రతుకుతెరువు పోవడమన్నమాట.

ఓడలరేవునుంచి వెనుకకు వచ్చి బోడసకుర్రు వంతెన మీద వైనతేయను దాటవలెను. వంతెన మీదినుంచి చూస్తే నది ప్రశాంతంగా ఉంటుంది. కాని ఆ నీటిలో నిత్యం రాకపోకలున్నవి. పోటు వేళ సముద్రపు నీరు పాయలోనికి ఎగదన్నుతుంది. ఆటు వేళ తిరిగి పోతుంది. వరదల కాలంలో ఎర్రనీరు దిగుతూ ఉండగా సముద్రంలోని ఇలస చేప ఆ ప్రవాహానికి ఎదురీది గోదావరిలోనికి ఎక్కుతుంది. ఉప్పునీట ఇలస, మంచినీట పులస. పుస్తెలమ్మి అయినా పులస తినవలెనన్న సామెత ఈ సీమలో పుట్టినదే.

వంతెనకు ఆవలి ఒడ్డు పాశర్లపూడి. 1995 జనవరి 8న ఇక్కడి చమురు బావి బ్రద్దలై లేచిన మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ ఆవలనే అప్పనపల్లి. వైనతేయ ఒడ్డున బాలబాలాజీ కోవెల నీడలో మధ్యాహ్నం కొంతసేపు విశ్రమించి రాజోలు, మలికిపురం మీదుగా సఖినేటిపల్లి వైపు సాగవచ్చును. ఈ దారిలో ఒక విషయం గమనించండి. కేశనపల్లి, శంకరగుప్తం ప్రాంతాలలో మురుగుకాలువల గుండా సముద్రపు పోటునీరు పొలాలలోనికి ఎదురెక్కి, కొబ్బరితోటలు మొవ్వులెండి మోడులైనవి. వాననీటిని సముద్రంలోనికి పంపడానికి త్రవ్విన కాలువే సముద్రాన్ని ఊరిలోనికి తెచ్చినది.

సాయంకాలానికి అంతర్వేది. వసిష్ఠ సాగరసంగమం ఇది. కొపనాతి కృష్ణమ్మగారు పూనుకొని కట్టించిన లక్ష్మీనృసింహస్వామి ఆలయం 1823లో పూర్తియైనది. స్వామి పశ్చిమాభిముఖుడు. నేల రాలిన రక్తంలో తడిసిన ఇసుక రేణువులెన్నో అంతమంది రాక్షసులు పుట్టునట్లు వరంపొందిన రక్తవిలోచనుని స్వామి ఇక్కడనే సంహరించాడని స్థలపురాణం. ఆలయం చూచి, ఇసుక దారిన అన్నాచెల్లెళ్ల గట్టుకు పోతే నదీజలం, సముద్రజలం రెండు రంగులుగా కలియడం కనుపిస్తుంది. ఇక్కడ స్నానానికి దిగేటప్పుడు జాగ్రత్త అవసరం. సంగమస్థలాలలో ఆటు వేళ నీటి లాగుడు ఎక్కువ. స్థానికులు చూపిన చోటనే దిగవలెను.

ఈ తీరం నిలకడగా ఉన్నట్లు కనిపించినా నిలకడ కలది కాదు. ధవళేశ్వరం వద్ద 1971-79 సంవత్సరాలలో గోదావరి సాలుకు సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొని రాగా, 1990-98 నాటికి అది 6 కోట్ల టన్నులలోపుకు తగ్గినది. ఎగువ ఆనకట్టలు నీటితోపాటు మన్నును కూడ ఆపుకొనుటయే ఇందుకు ముఖ్యకారణమని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పినారు. 1976, 2001 సంవత్సరాల నడుమ గోదావరి డెల్టా తీరం నికరంగా సుమారు 1,800 హెక్టార్ల నేల కోల్పోయినదని వారు లెక్కతేల్చారు. అలలు కోసుకొనిపోయే ఇసుకను పూడ్చడానికి నది తెచ్చే ఇసుక చాలడం లేదన్నమాట. మనం నిలుచున్న గట్టు, మన పిల్లలు వచ్చే నాటికి మరొక చోట ఉండవచ్చును.

మత్స్యకారులు సముద్రంలోనికి వేటకు వెళ్లరాదని రేడియోలో హెచ్చరిక వినబడినప్పుడు, తీరానికి దూరాన ఉన్న మనం తరువాతి పాటకోసం ఎదురుచూస్తాము. అంతర్వేది పల్లిపాలెంలో ఒడ్డుకు లాగిన పడవలను, ఆరబెట్టిన వలలను ఒకసారి చూచినవారికి ఆ వాక్యం వేరుగా వినిపిస్తుంది.

తిరుగు ప్రయాణానికి రెండు దారులున్నవి. రాజోలు దాటి దిండి వద్ద చించినాడ వంతెనమీదుగా పాలకొల్లు చేరవచ్చును. లేదా, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వసిష్ఠను దాటి నరసాపురంలో దిగి రైలు అందుకొనవచ్చును. తొందర లేనివారికి పంటు ప్రయాణమే మేలు.