తాండవకు పైనున్న అడవి

తాండవ రిజర్వాయర్‌లో నీళ్లెన్ని ఉన్నాయని నాతవరం రైతు ఏటా దమ్ముల ముందు ఆరా తీస్తాడు. ఆ నీళ్లు దిగివచ్చే కొండల మీద అడవి ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ. 50 వేల ఎకరాలకు పైగా ఆయకట్టుకు ఆధారం ఆ తూర్పు కనుమలే. రాలిన ఆకులు, చెట్ల వేళ్లు వాననీటిని నేలలోకి ఇంకించి వాగులకు మెల్లగా వదులుతాయి. చెట్లు పోతే అదే వాన కొండను కోసుకుంటూ దిగుతుంది. ఆ మట్టి జలాశయంలో పూడికగా చేరుతుంది.

కెనడా, అలాస్కా పసిఫిక్ తీరంలో, చిలీలో, టాస్మానియాలో ఉన్నట్టి చల్లని వర్షారణ్యం కాదిది. అక్కడ ఏడాదంతా తేమ. ఇక్కడ వానాకాలం దాటాక క్రమంగా ఎండి, వేసవికి ఆకు రాల్చే చెట్లే ఎక్కువ. అయినా కెనడా అనుభవం మనకు పనికొస్తుంది. బ్రిటిష్ కొలంబియాలో అరుదైన తెల్ల ఎలుగుబంటి కోసం 1995లో సైమన్ జాక్సన్ అనే 13 ఏళ్ల కుర్రాడు యువజన బృందం కట్టాడు. ఆదివాసీ తెగలు, పర్యావరణ సంస్థలు, కలప కంపెనీలు, ప్రభుత్వం ఏళ్ల తరబడి చర్చించాక, ఆ ఎలుగుబంటి బతికే గ్రేట్ బేర్ వర్షారణ్యంలో 85 శాతం అడవిలో కలప నరకకూడదని 2016లో ఒప్పందం కుదిరింది. అంతా పిల్లాడి ఘనతే అనడం అతిశయోక్తి. కానీ బడిపిల్లల గొంతు ఆ చర్చలో వినపడింది.

మన కొండలకు పెద్ద గండం నిప్పు. ఫిబ్రవరి నుంచి ఎండుటాకు మీద పడ్డ ఒక్క బీడీ ముక్క చాలు, కొండవాలు తగలబడటానికి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటలను పసిగట్టి, పేరు నమోదు చేసుకున్నవారి ఫోన్లకు మెసేజ్ పంపుతుంది. ఊరికి ఇద్దరు కుర్రాళ్లు నమోదు చేసుకుని, కబురు రాగానే అటవీ సిబ్బందికి ఫోన్ చేస్తే సగం పని అయినట్టే. మొక్కలు నాటి ఫొటో దిగడం కన్నా ఇది ఎంతో మేలు.

రెండో గండం తవ్వకం. నాతవరం మండలంలోని భమిడిక లేటరైట్ ఖనిజ తవ్వకాల వివాదం 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇక్కడి కొండ గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు కాబట్టి, గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకునే 1/70 చట్టం రక్షణ వీటికి లేదు. అయితే 2006 అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. అడవిని, వాగులను కాపాడే అధికారాన్ని ఆ చట్టం గ్రామసభకే ఇచ్చింది. 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. నాతవరం యువత వచ్చే గ్రామసభకు వెళ్లి, తమ ఊరి సామూహిక అటవీ హక్కుల దరఖాస్తు ఏ దశలో ఉందో అడగాలి, పెట్టకపోయుంటే పెట్టించాలి.