షుగరున్నవాళ్ళ కళ్ళు

గుంటూరు జిల్లాలో ఒక అత్తాకోడళ్ళు. అత్తకు యాభై దాటాయి. ఎనిమిదేళ్ళుగా షుగర్ జబ్బు ఉంది. మాత్రలు వేసుకుంటోంది. షుగరున్నవాళ్ళు ఏటా కళ్ళు చూపించుకోవాలని నర్సమ్మ చెప్పింది. కోడలు ఆ మాటే ఇంట్లో ఎత్తింది.

"నా కళ్ళకేమొచ్చిందే? సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాగా! మిరపకోతలప్పుడు ఒక రోజు కూలి పోగొట్టుకోమంటావా?" అంది అత్త.

అత్త మాటలో అబద్ధం లేదు. చూపు బాగానే ఉంది. నొప్పి లేదు. చిక్కంతా అక్కడే ఉంది. షుగరు కంటిని పాడుచేయటం మొదలుపెట్టినప్పుడు మనిషికి ఏమీ తెలియదు.

కన్ను లోపల, వెనకవైపు ఒక పలచని పొర ఉంటుంది. దాని పేరు రెటీనా. సినిమా తెర మీద బొమ్మ పడినట్టు, మనం చూసేదంతా ఆ పొర మీద పడుతుంది. అందులో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు ఉంటాయి. నెత్తురులో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు బలహీనపడతాయి. అక్కడక్కడ ఉబ్బుతాయి. పాత గొట్టం కారినట్టు నీరు, నెత్తురు కారతాయి. కొన్ని మూసుకుపోతాయి. నెత్తురు అందని చోట కొత్త నాళాలు పుడతాయి. కొత్తవి వచ్చాయని సంతోషించటానికి లేదు. అవి వట్టి నాసిరకం. చిట్లితే కంట్లోకి నెత్తురు దిగుతుంది. కళ్ళముందు నల్లచుక్కలు, సాలెపోగులు తేలుతాయి. ఒక్కోసారి చూపే ఆగిపోతుంది.

చూపు మసకబారితే చాలామంది శుక్లం అనుకుంటారు. సంతలో అద్దాలు కొని పెట్టుకుంటారు. అద్దాలు ఈ పొరను బాగుచేయలేవు.

"ఒక్కరోజు కూలి పోతే పోయింది అత్తయ్యా. కళ్ళు పోతే రోజూ కూలి పోద్ది" అంది కోడలు. మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు.

గోడ మీద అక్షరాలు చదవమన్నారు. అత్త అన్నీ చదివేసింది. ఇక ఇంటికి పోదామని లేచింది. అసలు పరీక్ష అప్పుడే మొదలు. కంట్లో చుక్కల మందు వేశారు. అరగంటకు కంటిపాప పెద్దదైంది. డాక్టరు లైటు వేసి లోపలి పొర చూశాడు. ఇలా చూసే పరికరాన్ని 1851లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ తయారుచేశాడు. ఇప్పుడు ఆ పొరను ఫొటో తీసే కెమెరాలు కూడా వచ్చాయి. చుక్కల మందు వేశాక కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, వెలుతురు చూడలేరు. అందుకే తోడు మనిషి ఉండాలి.

అత్త రెటీనాలో చిన్న చిన్న ఎర్రచుక్కలు కనిపించాయి. తొలిదశ. ఇప్పుడే కంటికి వైద్యం అక్కర్లేదన్నాడు డాక్టరు. షుగరు, బీపీ అదుపులో ఉంచుకోవాలి. ముదిరితే లేజరుతోనో, కంట్లో సూదిమందుతోనో వైద్యం చేస్తారు. అది ముఖ్యంగా ఉన్న చూపును కాపాడటానికి. పోయిన చూపు పూర్తిగా తిరిగి రావటం కష్టం.

పెద్దవయసులో షుగరు వచ్చినవాళ్ళు జబ్బు బయటపడగానే ఒకసారి, తర్వాత ఏటా ఈ పరీక్ష చేయించుకోవాలి. ముందునుంచీ షుగరున్న ఆడమనిషికి నెల తప్పితే, మొదటి మూడు నెలల్లోనే చేయించాలి. కడుపుతో ఉన్నప్పుడు ఈ జబ్బు త్వరగా ముదరవచ్చు. సర్కారు పెద్దాసుపత్రుల్లో కంటి డాక్టర్లు ఉంటారు. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ చూస్తారు.

మళ్ళీ ఎప్పుడు రావాలో డాక్టరు చీటీ మీద రాసిచ్చాడు. మసక తగ్గాక, రాత్రి దీపం దగ్గర అత్త ఆ తేదీని కూడబలుక్కుని చదివింది. చీటీని రేషన్ కార్డున్న డబ్బాలో పెట్టింది.